శ్రుతిని బట్టి గొంతా? గొంతును బట్టి శ్రుతా?

మన హాస్టళ్లలో పాట వినపడని రోజు ఉండదు. పొద్దున ప్రేయరుతో మొదలైతే నల్లాల దగ్గర, భోజనాల లైన్లో, రాత్రి స్టడీ అవర్ అయిపోయి పక్కలు పరుచుకునే దాకా ఎవరో ఒకరు కూనిరాగం తీస్తూనే ఉంటారు. అదే వార్షికోత్సవానికి పాటగాళ్ల పేర్లు రాసుకుందామని కాగితం పట్టుకొని కూర్చుంటే సగానికి పైగా వెనక్కి జరుగుతారు. "మాకు పాట రాదన్నా, మాకు శ్రుతి లేదు" అంటారు. నల్లాల దగ్గర ఉన్న శ్రుతి స్టేజీ ఎక్కేసరికి ఎక్కడికి పోతుంది? సాంస్కృతిక కమిటీలో పనిచేస్తున్న మేము రెండేళ్లుగా ఈ సంగతి మీద చర్చించుకుంటున్నాం. మాకు తోచింది ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం. ఒప్పుకోని మిత్రులు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు.

మా అభిప్రాయం ఇది. మనలో చాలామందికి లేనిది శ్రుతి కాదు, తమ గొంతుకు తగిన శ్రుతి. వాయిద్యం దగ్గర కూర్చున్నవారు తమకు అలవాటైన మెట్టు నొక్కుతారు, లేదా ట్రాక్ ఎలా ఉంటే అలా వేస్తారు. పాడే పిల్లవాడు దాన్ని అందుకోవాలి. అందుకోలేకపోతే తప్పు వాడిదే. ఈ పద్ధతి తలకిందులుగా ఉందని మేము అంటున్నాం.

ముందుగా శ్రుతి అంటే ఏమిటో చూద్దాం. హార్మోనియం మీద తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉంటాయి. మన వైపు హార్మోనిస్టులు తెల్ల మెట్లకు ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు పెట్టుకున్నారు. రెండు తెల్ల మెట్ల మధ్య ఉన్న నల్ల మెట్టు 'అర' అవుతుంది. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు, నాలుగున్నర, అయిదు, అయిదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు. మొత్తం 12. మూడుకు నాలుగుకు మధ్య, ఏడుకు పై ఒకటికి మధ్య నల్ల మెట్టు లేదు. అందుకే మూడున్నర శ్రుతి, ఏడున్నర శ్రుతి అని ఎవరూ అనరు. ఆ 12లో దేన్ని 'స' అనుకొని పాడితే అది మీ శ్రుతి. ఇంగ్లీషు పద్ధతిలో మన ఒకటిని సి అంటారు, ఒకటిన్నరను సి షార్ప్ అంటారు. పేర్లు వేరు, మెట్టు ఒకటే.

మన ఫిజికల్ సైన్సు పుస్తకంలోని ధ్వని పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు పోతే సెకనుకు వచ్చే కంపనాలు దాదాపు 6 శాతం పెరుగుతాయి. అలా 12 మెట్లు ఎక్కితే సరిగ్గా రెట్టింపవుతాయి. మధ్య స్థాయిలోని ఆరో మెట్టును 440 హెర్ట్జ్‌కు సరిచేయడం ప్రపంచమంతటా ఒప్పుకున్న కొలత. అంటే దాని పైస్థాయి ఆరు 880, కింది స్థాయి ఆరు 220. పరీక్షలో ఈ లెక్క అడిగితే చేస్తాం. పాట దగ్గరికి వచ్చేసరికి అది మనకు సంబంధం లేని విద్య అనుకుంటాం.

అసలు విషయం ఏమిటంటే, పాట అనేది మెట్ల పేర్లలో ఉండదు. మెట్టుకు మెట్టుకు మధ్య ఉన్న దూరాల్లో ఉంటుంది. మోహన రాగాన్నే తీసుకోండి. అందులో స, రి, గ, ప, ద అని అయిదే స్వరాలు. స నుంచి రికి 2 మెట్లు, రి నుంచి గకు 2, గ నుంచి పకు 3, ప నుంచి దకు 2, ద నుంచి పై సకు 3. కలిపితే 12. ఒకటి శ్రుతిలో వాయిస్తే ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు మెట్లు వస్తాయి. అన్నీ తెల్లవే. రెండు శ్రుతిలో అయితే రెండు, మూడు, నాలుగున్నర, ఆరు, ఏడు. నాలుగున్నరలో మొదలుపెడితే అయిదూ నల్ల మెట్లే. వేళ్లు పడే చోట్లు పూర్తిగా మారిపోయాయి. కానీ వినేవారికి అదే మోహనం, అదే పాట. పది అడుగుల నిచ్చెనను నేల మీద పెట్టినా అరుగు మీద పెట్టినా దాని మెట్ల మధ్య ఎడం మారదు గదా.

దీన్నే శ్రుతి మార్చి పాడడం అంటాం. ఫంక్షన్లకు వచ్చే ఆర్కెస్ట్రా వాళ్లు 'స్కేల్ మార్చడం' అంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, మా కమిటీలోనే దీని మీద ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. ఆర్కెస్ట్రా అన్న "ఏం స్కేల్ తమ్మీ?" అని అడిగితే ఆయన అడుగుతున్నది శ్రుతి. పుస్తకాల్లో స్కేల్ అంటే స్వరాల వరుస, అంటే శంకరాభరణం, మోహనం లాంటిది. రెండూ వేరు. శ్రుతి మారితే పాట మారదు. స్వరాల వరుస మారితే పాటే మారిపోతుంది.

నమ్మకం లేకపోతే ఒక చిన్న ప్రయోగం చేయండి. నల్ల మెట్లు తప్ప ఇంకేవీ ముట్టవద్దు. నాలుగున్నరను స అనుకొని పైకి పోతే మోహనం వినపడుతుంది. అవే నల్ల మెట్లను అయిదున్నర నుంచి మొదలుపెడితే మధ్యమావతి. ఆరున్నర నుంచి అయితే హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధ సావేరి, రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. మెట్లు అవే అయిదు, కానీ రాగాలు అయిదు! ఎందుకంటే స జరిగింది గాని దానితోపాటు దూరాలు జరగలేదు. సంగీతం చదువుకున్నవారు దీన్ని గ్రహభేదం అంటారు. దూరాలను కూడా మోసుకొని జరిగితే శ్రుతి మార్పు, దూరాలను వదిలేసి స ఒక్కటే జరిగితే రాగం మార్పు. ఈ ఒక్క తేడా చేతికి తెలిస్తే హార్మోనియం అంటే భయం పోతుంది. మా హాస్టల్ హార్మోనియంలో రెండు మెట్లు పలకవు, అవి రెండూ తెల్లవే కావడం వల్ల ఈ ప్రయోగానికి అడ్డు రాలేదు.

"శ్రుతి తగ్గించి పాడడం చేతగానితనం, ఒరిజినల్ చెడిపోతుంది" అని కొందరు సార్లు, కొందరు మిత్రులు అంటారు. ఒరిజినల్ అంటే ఏది? త్యాగరాజ కృతిని ఏ పుస్తకంలో చూసినా స రి గ మ లే ఉంటాయి గాని ఈ శ్రుతిలోనే పాడాలని రాసి ఉండదు. కర్ణాటక సంగీతంలో మగవారు సాధారణంగా ఒకటి, రెండు మధ్య పాడితే ఆడవారు అయిదు చుట్టుపక్కల పాడుతారు. ఒకే కృతి, ఒకే రాగం. ఎవరూ తగ్గించారని గాని పెంచారని గాని అనరు. కచేరీలో వయొలిన్ తీగలు, మృదంగం కూడా పాడేవారి శ్రుతికే సరిచేసుకుంటారు. అక్కడ గొంతు రాజు, వాయిద్యం బంటు. ఐరోపాలో షూబర్ట్ రాసిన పాటల పుస్తకాలను పైగొంతుకు, మధ్య గొంతుకు, కింది గొంతుకు వేరువేరు శ్రుతుల్లో అచ్చువేసి అమ్ముతారు. చదువుకున్న సంగీతంలో ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు హాస్టల్ పిల్లవాడు "సార్, ఒక మెట్టు కిందికి పట్టండి" అంటే అది చేతగానితనం ఎట్లయింది?

హార్మోనియం సంగతి కూడా రెండు మాటలు. అది మన వాయిద్యం కాదు. 1840ల్లో పారిస్‌లో పుట్టి, ఆ శతాబ్దం చివర్లో కలకత్తాలో నేల మీద కూర్చొని ఒక చేత్తో తిత్తి కొట్టే రూపానికి వచ్చింది. 12 మెట్లలో దేన్నయినా స చేసుకునే వీలు కోసం దాని దూరాలన్నీ సమానంగా కోశారు. ఆ కోతలో కొన్ని స్వరాలు వెంట్రుకవాసి పక్కకు జరిగాయి. మన గాంధారం చెవికి హాయిగా ఉండే చోటు కంటే కొంచెం ఎక్కువ పలుకుతుంది. గమకం దాని మీద అసలే పలకదు. ఈ కారణాలు చూపి 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. రేడియో మూసిన తలుపు మన పల్లెల్లో మాత్రం తెరిచే ఉంది. పద్యనాటకం, హరికథ, భజన మండలి అన్నీ దాని మీదే నడిచాయి. మైకులు లేని రోజుల్లో పద్యం ఆఖరి వరుసకు వినపడాలంటే నటులు హెచ్చు శ్రుతిలో ఎత్తుకోవాల్సి వచ్చేది. ఆ హెచ్చు శ్రుతి అవసరం కొద్దీ వచ్చింది. మైకు వచ్చాక కూడా దాన్ని గొప్పతనంగా మోయడం మాకు అర్థం కాని విషయం.

మన ఇళ్లలో ఈ విద్య లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. మనలో చాలామంది తాతలు, నాయనలు డప్పు కొట్టినవాళ్లు. కొట్టే ముందు గడ్డి మంట వేసి డప్పును కాగబెడతారు. తోలు బిగుసుకొని మోత పైకి లేస్తుంది. పుల్లతో తట్టి వింటారు, చాలకపోతే మళ్లీ మంట దగ్గరికి తీసుకుపోతారు. వానకాలం అయితే మధ్యలో రెండు మూడుసార్లు కాగబెట్టాలి. నలుగురు కొడుతుంటే నలుగురి మోత కలిసిందో లేదో చెవితోనే తేలుస్తారు. ఇది శ్రుతి చేయడం కాకపోతే మరేమిటి? దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే. బతుకమ్మ చుట్టూ తిరిగే అమ్మలను చూడండి. హన్మకొండ వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల నాడు ఎన్ని వందల మంది ఉంటారో మనకు తెలుసు. వాళ్లకు హార్మోనియం లేదు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. మరీ పైకి ఎత్తుకుంటే పక్కామె "జర కిందికి అనవే" అంటుంది. మళ్లీ మొదలుపెడతారు. అందరి గొంతూ కలిసే చోటు దొరికేదాకా వెతుక్కుంటారు. మన పాలకుర్తి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే పండితారాధ్య చరిత్రలో ఎన్నో రాగాల పేర్లు, వాయిద్యాల పేర్లు రాసిపెట్టాడని తెలుగు సార్లు చెబుతారు. ఆ వివరాలు చదివినప్పుడు గర్వంగా ఉంటుంది. కాని ఆ "జర కిందికి అనవే" అనే మాటలో ఉన్న జ్ఞానం కూడా తక్కువదని మేము అనుకోవడం లేదు.

ఇప్పుడు మనకు జరిగిన సంగతి ఒకటి. కొన్నేళ్ల కిందట ఒక పాటల పోటీకి మన హాస్టల్ నుంచి తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు వెళ్లాడు. జానపదం బాగా పాడతాడు. అక్కడ కీబోర్డు వాయించేవారు అంతకుముందు పాడిన అమ్మాయికి పెట్టిన శ్రుతిని అలాగే ఉంచారు. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలో గొంతు పగిలింది. రెండో చరణానికి వాడే కిందికి దిగిపోయాడు, కీబోర్డు పైనే ఉండిపోయింది. మార్కుల కాగితం మీద 'శ్రుతి జ్ఞానం లేదు' అని రాశారు. అదే పాటను తిరుగు ప్రయాణంలో తన శ్రుతిలో పాడితే బస్సులో ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగి విన్నారు. ఆ పోటీ తర్వాత వాడు రెండేళ్లు మైకు ముట్టలేదు. మాకు బాధ కలిగించింది ఓడిపోవడం కాదు. నాలుగు మెట్లు కిందికి జరిపితే తీరిపోయే సంగతిని 'జ్ఞానం లేదు' అని రాయడం. మన పిల్లల గురించి ఆ మాట రాయడం కొందరికి చాలా తేలిక.

పైగా వయసు సంగతి ఒకటుంది. జీవశాస్త్రంలో చదివిందే. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లలకు కూడా దిగుతుంది గాని రెండు మూడు మెట్లే. ఆ మారే నెలల్లో గొంతు ఎప్పుడు ఎక్కడ జారుతుందో పాడేవాడికే తెలియదు. అందే మెట్లు కూడా తగ్గిపోతాయి. మన హాస్టళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువ మంది సరిగ్గా ఈ వయసు వాళ్లే. ఆరో తరగతిలో బాగా పాడేవాడు ఎనిమిదిలో పాట మానేస్తే "చెడిపోయాడు" అనుకుంటాం. వాడు పెరుగుతున్నాడు, వాడి శ్రుతి ఇంకా పాత మెట్టు మీదే ఉంది.

జనగణమన దగ్గర ఇది రోజూ కనపడుతుంది. ఆ గీతం 1911లో కలకత్తాలో మొదటిసారి పాడారు, 1950 జనవరి 24న జాతీయ గీతమైంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెకు వచ్చి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు మార్గరెట్ కజిన్స్ సాయంతో దానికి స్వరాలు రాయించారు. (మదనపల్లె పేరు చెప్పగానే మన వాళ్లకు టమాట ధర గుర్తుకొస్తుంది గాని ఈ సంగతి గుర్తు రాదు.) ఆ పాట కింది నిషాదం నుంచి పై షడ్జమం దాకా పోతుంది, అంటే ఒక స్థాయి కంటే ఒక్క మెట్టు ఎక్కువ. ప్రేయరులో మొదటి వరుసలో నిలబడ్డ చిన్నవాడు తనకు తోచిన చోట ఎత్తుకుంటాడు. సాధారణంగా అది హెచ్చులోనే ఉంటుంది. ఆఖరున పై షడ్జమం తాకాల్సిన చోటికి వచ్చేసరికి పెద్ద తరగతుల వరుసల్లో సగం మంది నోరు కదుపుతారు, సగం మంది అరుస్తారు. దేశభక్తి తక్కువై కాదు! ఒకటి, ఒకటిన్నర దగ్గర ఎత్తుకుంటే చిన్నవాళ్లకు అందుతుంది, గొంతు మారినవాళ్లు అదే పాటను ఒక స్థాయి కింద హాయిగా పాడుకోవచ్చు. గత నెల నుంచి మేము ప్రేయరుకు ముందు హార్మోనియం మీద ఒకటి నొక్కి వినిపిస్తున్నాం. 52 సెకన్ల పాట ఇప్పుడు చివరిదాకా వినపడుతోంది.

మన రాష్ట్ర గీతం సంగతీ ఇంతే. జయ జయహే తెలంగాణ రాసిన అందెశ్రీ గారు మన పాత వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టారు. బడి చదువు లేదు, తాపీ పని చేశారు, కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2024 జూన్ 2న ఆ పాట కీరవాణి గారి సంగీతంతో రాష్ట్ర గీతంగా విడుదలైంది. 2025 నవంబరులో ఆయన కన్నుమూశారు. ఆ పాటను ట్రాకు వేసి కలిసి పాడమంటే మనలో చాలామంది ట్రాకు కింద మునిగిపోతున్నారు. ఎవరి చదువూ అడగకుండా పాటైన మనిషి పాటను మన గొంతుతో పాడలేకపోతే బాగుండదు.

ట్రాకు మార్చడం ఇప్పుడు కష్టం కాదు. క్యాసెట్ల కాలంలో శ్రుతి తగ్గించాలంటే టేపు వేగం తగ్గించాలి, పాట కూడా ఈడ్చుకుంటూ పోయేది. ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే వేగం మారకుండా శ్రుతి మార్చే యాప్‌లు ఉన్నాయి. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ అనే బటన్ ఉంటుంది. నాలుగున్నరలో ఉన్న పాటను రెండుకు దించాలంటే నాలుగు, మూడు, రెండున్నర, రెండు అని లెక్కపెట్టండి, నాలుగు మెట్లు. తెర మీద మైనస్ నాలుగు కనపడేదాకా నొక్కితే చాలు. వాయించేవారు పాత చోటే వేళ్లు పెడతారు, మోత రెండులో వస్తుంది. అంత చిన్న పనికి ఒక పిల్లవాడి నోరు మూయించనవసరం లేదు.

మీ శ్రుతి కనుక్కోవడం కూడా చెబుతాం. మీరు నొప్పి లేకుండా ఎక్కగలిగిన పై మెట్టు ఏదో హార్మోనియం మీద చూసుకోండి. అది మూడు అనుకుందాం. మీ పాటలో అన్నిటికంటే పైకి పోయే స్వరం పై రిషభం అనుకుందాం, శంకరాభరణంలో ఉండే రిషభం. ఆ రిషభం మూడు మీద పడాలి. రిషభానికి షడ్జమం రెండు మెట్లు కింద. మూడుకు రెండు మెట్లు కింద రెండు. కాబట్టి ఆ పాటకు మీ శ్రుతి రెండు. స్టేజీ మీద గుండె దడ ఉంటుంది గనుక ఒకటిన్నర పెట్టుకొమ్మని మా సలహా. తర్వాత కింది స్వరాలు వినపడుతున్నాయో లేదో ఒకసారి పాడి చూసుకోండి. వేరే పాటకు మళ్లీ లెక్క వేరు.

పెద్దలను మేము అడిగేది ఎక్కువేమీ కాదు. పోటీలు పెట్టేవారు పాటకు ముందు ప్రతి పిల్లవాడినీ "నీ శ్రుతి ఏది?" అని అడగాలి, తెలియకపోతే అర నిమిషం వెతుక్కోనివ్వాలి. మన వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ చదువుకున్నవారు ఎవరైనా వారానికి ఒక్క సాయంత్రం హాస్టళ్లకు వచ్చేటట్టు అధికారులు ఏర్పాటు చేస్తే బాగుంటుంది. ఆటలకు బంతి, నెట్టు ఇస్తున్నట్టే పాటకు ఒక పలికే హార్మోనియం ఇవ్వాలి. అక్కాచెల్లెళ్ల హాస్టల్ వాళ్లతో కలిసి పాడే బృందగానాలకు శ్రుతిని ఒక్కరే తేల్చకుండా ఇద్దరు గొంతులు కలిపి చూశాకే ఖాయం చేయాలి.

ఈ వార్షికోత్సవానికి మేము ఒక నోటుబుక్కు పెట్టాం. పాట పేరు, పాడేవారి పేరు, పక్కన శ్రుతి. మొత్తం ఇరవై మూడు పేర్లు వచ్చాయి, పోయిన ఏడు తొమ్మిదే. పెద్ద తరగతుల వాళ్ల శ్రుతులు పెన్నుతో రాశాం. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లవి మాత్రం పెన్సిల్‌తో రాసి రబ్బరు పక్కనే పెట్టుకున్నాం.